పసుపు కుంకుమ కింద ఇచ్చిన బావి

నార్సింగి,
మార్చి, మంగళవారం

వీరలక్ష్మక్కా,

రోజు విడిచి రోజు ఫోన్లో మాట్లాడుకునే మనకు ఈ ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోతావు. ఫోన్లో నాలుగు మాటలు చెప్పగానే నేను "పోనీలే అక్కా, అమ్మవారు చూసుకుంటుంది" అనేస్తాను. ఆ మాట నోట్లోంచి రాగానే నా కోపం సగమవుతుంది. ఈసారి సగం కావడం నాకు ఇష్టం లేదు. అందుకే, పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగున ఎప్పుడూ రాయని నేను పెన్ను పట్టుకున్నాను.

నువ్వూ, మీ ఆయన సారూ మా ముందు గదుల్లో కిరాయికి ఉన్నన్నాళ్ళూ మా బావి నీళ్ళే తాగారు. దాని సంగతి నీకు తెలుసు. నా పెళ్ళప్పుడు నాన్న పూలతోట భూమిని పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చాడు. బావి మాత్రం అన్న వంతులోకి పోయింది. ఉదయం పూట నీళ్ళు అన్నకు, సాయంత్రం పూట నాకు అని మాట. ఎండాకాలానికి ముందు రెండిళ్ళ వాళ్ళమూ కలిసి పూడిక తీసి, గంగమ్మకు దీపం పెట్టేవాళ్ళం.

మీరు ఢిల్లీ వెళ్ళిన తర్వాత పెంటయ్యన్న ఆ బావి చుట్టూ బోర్లు వేశాడు. గేటెడ్ కమ్యూనిటీలకు ట్యాంకర్లు తోలుతున్నాడు. బావి ఎండింది. దాని వెనకే నా చామంతి తోట ఎండింది. మైసమ్మ గుడికి ఇన్నేళ్ళూ నా చేత్తో తెంపిన పూలు ఇచ్చినదాన్ని, ఇప్పుడు గుడిమల్కాపూర్ మార్కెట్లో కొని తెస్తున్నాను. తోట ఇంకా పచ్చగా ఉండగానే నీళ్ళకోసం అన్న దగ్గరికి పోయి అడిగాను. "తోటకు పోస్తే ఏమొస్తది చెల్లె, అపార్ట్‌మెంటోళ్ళు లైన్ల నిలబడ్డరు" అన్నాడు.

ఎన్నడూ ఒకరి కింద పని చేయని మా ఆయన నర్సింహ ఇప్పుడు ఒక కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ. మా అన్న ట్యాంకర్లు వస్తే లేచి గేటు తీయాలి. మొన్న అన్నే క్యాబిన్లో కూర్చుని వచ్చి, "ఏం బావా, సల్యూట్ గొట్టవా?" అని నవ్వాడట. ఈయన కొట్టాడట. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇది కూడా మింగేదాన్నే. కానీ పోయిన వారం అన్న కొత్త బిల్డింగు గృహప్రవేశం. అంతకు ముందు ఎవరిదో మేక ఆ ఎండు బావిలో పడి చచ్చింది. బావి మీద ఇనప జాలీ వేయకపోతే కేసు పెడతామని మున్సిపాలిటీ వాళ్ళు అన్నకు చెప్పి పోయారు. భోజనాల దగ్గర అందరి ముందూ నన్ను పిలిచాడు.

"చెల్లె, నీకు బావి మీద పానమంట గద. తీస్కో. పసుపు కుంకుమ కింద రాసిస్తున్న. ఇగ అండ్ల మేక పడ్డా, మనిషి పడ్డా నీ ఫికరే."

పంక్తి పంక్తంతా నవ్వింది. కనకలక్ష్మి వదిన నవ్వాపుకుంటూ పళ్ళెంలో పసుపు, కుంకుమ, రవికె గుడ్డ పెట్టి తెచ్చింది. నేను తల వంచుకుని కొంగు పట్టాను. అన్న రిజిస్ట్రేషన్ కూడా చేయించాడు, కేసు నా మీదికి రావాలి కదా.

రోజూ గుడిలో కళ్ళు మూసుకుని నేను ఏం కోరుకుంటున్నానో తెలిస్తే పూజారి నా చేతిలో తీర్థం పోయడు. నువ్వు కూడా నన్ను తప్పు పట్టు, పరవాలేదు. కానీ మరిచిపొమ్మని మాత్రం రాయకు.

నీ
భాగ్యమ్మ

* * *

ఢిల్లీ,
ఏప్రిల్ మొదటి వారం

భాగ్యం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చీమను తొక్కినా లెంపలేసుకునే మనిషివి, నువ్వేనా ఇది రాసింది అనిపించింది. నర్సింహగారి సంగతి చదివి నాకూ కడుపు మండింది. కానీ ఒక్క కడుపున పుట్టినవాళ్ళు. మీ అన్నగారికి ఆ భగవంతుడే బుద్ధి చెప్పాలి గానీ, నువ్వు నీ ఆరోగ్యం పాడు చేసుకోకు.

ఇక్కడ మా ఇంట్లోనూ పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నీళ్ళ గొడవే. మీ సారు పనిచేస్తున్న ప్రభుత్వ కమిటీ ఉంది చూడు, దేశం మొత్తానికి రాబోయే ముప్ఫై ఏళ్ళకు నీటి ప్రణాళిక తయారుచేస్తోంది. "నేల కింద ఎంత ఉందో తెలీకుండా ముప్ఫై ఏళ్ళకు లెక్క ఎలా వేస్తారండీ?" అని అడిగాను. దానికి పాత దిగుడు బావులు కావాలట. ఎండిపోయినవైనా సరే, అడుగున గొట్టం దింపి కొలుస్తూ ఉంటారట. ఎంచుకున్న బావి చుట్టుపక్కల నీళ్ళు తోడి అమ్మడం ఆపించేస్తారట, తోడకుండా వదిలేస్తే నీళ్ళు మళ్ళీ లేస్తాయో లేదో చూడటానికి. అన్ని ఊళ్ళలోనూ దొరికాయి గానీ, మీ హైటెక్ సిటీ చుట్టుపక్కల ఒక్క బావీ దొరకలేదని ఈయన తల పట్టుకుని కూర్చున్నారు. అన్నీ పూడ్చేసి కట్టేశారట.

చూడు, నిన్ను ఓదార్చబోయి మా ఇంటి కబుర్లు మొదలుపెట్టాను. ఇదంతా నీకెందుకులే. మోకాళ్ళ నొప్పికి ఆ నూనె రాస్తున్నావా?

ప్రేమతో
వీరలక్ష్మి

* * *

నార్సింగి,
ఏప్రిల్ చివర

అక్కా,

"ఇదంతా నీకెందుకులే" అని రాశావు. అక్కా, అదంతా నాకే.

నేను అడిగేవాటికి సారును కనుక్కుని రాయి. బావి ఇవ్వాలంటే ఎవరి సంతకం కావాలి? చుట్టుపక్కల అంటే ఎంత దూరం? మా బావి గట్టు మీద నిలబడి పిలిస్తే అన్న బోర్ల దగ్గర మోటారు వేసేవాడికి వినపడుతుంది. ఆ దూరం సరిపోతుందా? ఒకసారి ఇచ్చాక ఎమ్మెల్యే చేత ఫోన్ చేయించి అన్న ఆపించగలడా?

నీ ఉత్తరం వచ్చిన రోజు చాలా నెలల తర్వాత కడుపు నిండా తిన్నాను. నర్సింహ అడిగాడు, "ఏందే, మొఖం గిట్ల ఎలిగిపోతున్నది?" అని. గుడిలో మంచి హారతి చూశానని చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం ఇదేనేమో.

భాగ్యమ్మ

* * *

ఢిల్లీ,
మే

భాగ్యం,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను, రాయాలని ఉండి కాదు. బావి ఎవరి పేరున ఉంటే వాళ్ళ సంతకం చాలు. మీ అన్నగారి బోర్లు ఆ హద్దులోకే వస్తాయి. ఎంపిక చేసేది వేరే బృందం, అందులో మీ సారు లేరు, కాబట్టి ఎవరు ఫోన్ చేసినా చేయకపోయినా బావి పనికొస్తేనే తీసుకుంటారు.

ఇక రెండో వైపు కూడా విను. ఇచ్చావంటే ముప్ఫై ఏళ్ళు ఆ బావి నీది కాదు. చెంబుడు నీళ్ళు తోడకూడదు. పూడ్చకూడదు. దాన్ని ఆనుకున్న నీ పూలతోట భూమిలో ఒక్క గోడ లేపకూడదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన భూమి భాగ్యం! బిల్డర్లు మీ గుమ్మం ముందు చెప్పులు విడిచి కూర్చుంటున్నారని నువ్వే చెప్పావు. మీ అమ్మాయి కృష్ణప్రియ ఆ ఆఫీసులో పగలూ రాత్రీ కష్టపడుతోంది. ఆ పిల్లను అడిగావా? మీ అన్నకు ఒక వేలు తెగడానికి నువ్వు చెయ్యి నరుక్కుంటున్నావు.

జూన్‌లో కొత్తగూడలో జనం అభిప్రాయాలు వినడానికి సభ పెడుతున్నారు. వెళ్ళేముందు బాగా ఆలోచించుకో.

మా అబ్బాయి రవికిరణ్, కోడలు ప్రవీణ మీ వైపే ఫ్లాటు కొనుక్కున్నారని చెప్పాను కదా. ప్రవీణకు ఇప్పుడు ఏడో నెల. ఆ పిల్లకు తల్లి లేదు. పురుడు మేమే పోయాలి.

వీరలక్ష్మి

* * *

నార్సింగి,
జూన్, మొదటి వాన పడిన రోజు

అక్కా,

ఆలోచించుకున్నాను. నాకు యాభై. అన్నకు అరవై దాటాయి. ముప్ఫై ఏళ్ళంటే ఆయనకు ఇక మిగిలిన బతుకంతా. ఆయన కొత్త బిల్డింగు బాల్కనీలో నిలబడితే ఎదురుగా కనిపించేది నా బావే. పొద్దున లేస్తే అదే చూడాలి. ఇంతకంటే మంచి ముహూర్తం నాకు ఎవరు పెడతారు?

సభకు పోయాను. ఫంక్షన్ హాలు నిండా జనం. ఒక కుర్ర ఆఫీసరు తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. ఇప్పటిలాగే తోడుకుంటూ పోతే మనవల కాలానికి ఈ నేల కింద తడి కూడా ఉండదని చెప్పాడు. ఆ మాట నాకు బాగానే అర్థమైంది. నిజం చెబితే, దాని కోసం నేను పోలేదు.

ముందు వరుసలో అన్న, తెల్ల చొక్కా, మెడలో గొలుసు. మైకు అడిగి తీసుకున్నాడు.

"సార్, మేము నీళ్ళు తోలకపోతే ఈ సాఫ్ట్‌వేరోళ్ళు మొఖం గూడ కడుక్కోరు. మమ్మల్ని పరేషాన్ జేస్తే మీకే పరేషాన్."

జనం చప్పట్లు కొట్టారు. ఆఫీసరు నవ్వి, "సరే పెంటయ్యగారూ, ఈ చుట్టుపక్కల పాత బావి ఏదైనా మిగిలి ఉందా, మీకు తెలియాలి కదా?" అన్నాడు.

"యాడున్నయ్ సార్ బావులు? అన్ని పూడ్సి అపార్ట్‌మెంట్లు లేపిండ్రు."

నేను లేచి నిలబడ్డాను. "నా దగ్గర ఉన్నది సార్" అన్నాను. ఎవరికీ వినపడలేదు. "అమ్మా, జర గట్టిగ" అని ఎవరో మైకు నా చేతికిచ్చారు. మళ్ళీ అన్నాను. ఆ పెద్ద హాల్లో నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

అన్న వెనక్కి తిరిగి చూసి పకపకా నవ్వాడు. తన మైకులోనే చెప్పాడు. "అది బావి గాదు సార్, బొంద! మా చెల్లెకు నేనే ఇచ్చిన, పసుపు కుంకుమ కింద. దాంట్ల నాకు చెంబెడు హక్కు గూడ లేదు. ఆమెదే, మొత్తం ఆమెదే!"

మళ్ళీ అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, "అంటే వేరే ఎవరికీ హక్కు లేదు కదమ్మా?" అని నన్ను అడిగాడు.

"మా అన్ననే చెప్పిండు గద సార్, అందరి ముందట" అన్నాను.

అక్కా, పసుపు కుంకుమ కింద ఆడబిడ్డకు ఇచ్చింది వెనక్కి అడిగితే మా వాళ్ళలో ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. అది ఆయనకు అర్థమయ్యేసరికి నేను సంతకం పెట్టి బయటికొచ్చేశాను.

కృష్ణప్రియ ఇంటికొచ్చి తల బాదుకుంది. "అమ్మా, ఏం పని జేసినవే! ఆ జాగాతోని నా బతుకు మారుతుండె!" అని ఏడ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి వాళ్ళ నాన్నే పోయి, ఆ గేటు దగ్గర తను ఎవరికి సల్యూట్ కొట్టాడో చెప్పాడు. ఆ సంగతి అప్పటిదాకా దానికి తెలియదు. అప్పటినుంచి అది నన్ను ఏమీ అనడం లేదు. నవ్వడమూ లేదు.

భాగ్యమ్మ

* * *

ఢిల్లీ,
జూలై

భాగ్యం,

మీ బావిని ఎంపిక చేశారు. మీ సారు ఆఫీసు నుంచి వస్తూనే, "మన భాగ్యమ్మది ఎంత పెద్ద మనసు! చదువుకున్నవాళ్ళు అంగుళం వదలరు, ఆవిడ దేశానికి ఇచ్చేసింది" అన్నారు. కాఫీ కలపాలన్నట్టు నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నీతో ఒక మాట చెప్పాలి. ఇప్పుడు కాదు. నువ్వు సంతోషంగా ఉన్నావు.

వీరలక్ష్మి

* * *

నార్సింగి,
ఆగస్టు, రాఖీ పండుగ మరునాడు

అక్కా,

రాఖీకి రెండు రోజుల ముందు అధికారులు వచ్చి అన్న బోర్లకు సీలు వేశారు. ట్యాంకర్లు వరసగా రోడ్డు పక్కన ఖాళీగా నిలబడ్డాయి. అన్న ఎవరెవరికో ఫోన్లు చేశాడు. "ఢిల్లీ ప్లాను పెంటయ్యా, మా చేతుల లేదు" అన్నారట అందరూ.

పండుగ రోజు నేను తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, రాఖీ తీసుకుని అన్న ఇంటికి పోయాను. వస్తానని వాళ్ళు అనుకోలేదు. వదిన గుమ్మంలోనే కళ్ళొత్తుకుంది. "నీకు చేతులెట్ల వచ్చినయ్ భాగ్యా?" అంది. "నువ్వు పళ్ళెం తెచ్చినవు గద వదినా, నేను కొంగు పట్టిన. అంతే" అన్నాను.

అన్న చేతికి రాఖీ కట్టాను. బొట్టు పెట్టాను. హారతి ఇచ్చాను. చుట్టాలందరూ చూస్తున్నారు. అన్న గొంతు సవరించుకున్నాడు. నేను ఏదో ఒకటి అడుగుతాననీ, ఇచ్చి నన్ను మెత్తబరచవచ్చనీ ఆయన ఆశ.

"ఏం గావాలె చెల్లె? అడుగు. ఏదడిగినా కాదన."

"ఏమొద్దన్నా. నువ్విచ్చిన బావి సాలు."

ఆయన నోట్లో నేను పెట్టిన లడ్డూ అలాగే ఉంది. మింగలేడు, ఉమ్మలేడు. అక్కా, ఇంటికి నడిచి వస్తుంటే మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. మైసమ్మకు కొబ్బరికాయ కొట్టాను. ఆ తల్లి నా మొక్కు తీర్చిందో, ఎందుకు అడిగావే అని నావైపు చూస్తోందో తెలియలేదు. నేను తల ఎత్తి చూడలేదు.

నీ మాటేమిటో చెప్పనే లేదు. ప్రవీణకు పురుడొచ్చిందా?

భాగ్యమ్మ

* * *

నార్సింగి,
ఆగస్టు చివర

భాగ్యమ్మకు,

అవును, నార్సింగి నుంచే రాస్తున్నాను. మీ వీధికి కాస్త దూరంలో, మా అబ్బాయి ఫ్లాటులో నెల రోజులుగా ఉన్నాను. ఫోన్లు కూడా మానేసి, నీకు చెప్పలేదు. నీ రాఖీ ఉత్తరం మీ సారు విప్పకుండానే ఇక్కడికి పంపారు. నీ ముఖం చూసి ఏం మాట్లాడాలో తెలియక రాలేదు.

మనవరాలు పుట్టింది. మా అబ్బాయి ఉండే కమ్యూనిటీకి మంచినీటి లైను ఇంకా రాలేదు. ఇన్నాళ్ళూ నీళ్ళు పోసింది మీ అన్నగారి ట్యాంకర్లే. ఆ సంగతి నాకు ఏప్రిల్ నుంచీ తెలుసు. బావి సంగతి నీకు రాసింది నేనే కాబట్టి, వద్దనడానికి నోరు రాలేదు. నువ్వే మానుకుంటావులే అనుకున్నాను. నువ్వు మానుకునే మనిషివే కదా, ఎప్పుడూ.

ఇప్పుడు ఎక్కడి నుంచో ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నిన్న బాలింతకు ఒంటి మీద పోయడానికి నీళ్ళు లేవు. తాగడానికి కొన్న సీసా నీళ్ళతో పసిపిల్ల బట్టలు తడిపి పిండాను. ప్రవీణ గోడ వైపు తిరిగి ఏడ్చింది. నువ్వు కొట్టిన దెబ్బ మీ అన్నకు తగిలిందో లేదో నాకు తెలియదు. ఆయన ఇంటి ట్యాంకు నిండే ఉందట. నా ఇంట్లో మాత్రం కుండ బోర్లించి ఉంది.

ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవాలనుకుంటే సెప్టెంబరు పదిహేను దాకా గడువు ఉంది. నేను నిన్ను ఇన్నేళ్ళలో ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

వీరలక్ష్మి

* * *

నార్సింగి,
నవంబరు

అక్కా,

నువ్వు ఢిల్లీ చేరావని ప్రవీణ చెప్పింది. వాళ్ళు ప్రగతి నగర్‌లో కిరాయి ఇంట్లో కుదురుకున్నారు. అక్కడ నల్లా నీళ్ళు వస్తున్నాయి. పాప బోర్లా పడుతోందట.

నీ ఉత్తరం అందిన గంటలో ఆటో తెచ్చి మీ అందరినీ మా ముందు గదుల్లోకి తీసుకొచ్చాను. మాకు రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళలో మొదటి బిందె మీదే. పాపకు రోజూ నేనే కాచి పోశాను. నా కాళ్ళ మీద పడుకుని ఆ పిల్ల నవ్వుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి చూసేదానివి. అన్ని రోజులున్నావు, గడువు సంగతి నోరెత్తి ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. పదిహేనో తారీఖు సాయంత్రం ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాం. చీకటి పడ్డాక నువ్వు లేచి లోపలికి పోయావు. అప్పుడు నీ వీపు చూసి కూడా నేను కదల్లేదు. ముఖం మీద చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం నువ్వు గుడికి పోయినప్పుడు అన్న వచ్చాడు. ఒక్కడే, నడిచి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. మనిషి వడలిపోయాడు. బోర్లకు అప్పిచ్చినవాళ్ళు ఇంటి మీదికి వస్తున్నారట, ట్యాంకర్లు అమ్ముకుంటున్నాడు.

"చెల్లె, కాయితం ఎనక్కి తీస్కో. నీ తోటకు నేనే పైపు ఏసి ఇస్త. రోజూ. నీ చామంతులు మళ్ళ పూస్తయ్. బావను గేటు కాడికెల్లి మానిపిస్త."

అక్కా, పోయిన ఏడాది ఆయన నోటి నుంచి ఈ మాట వినాలని నేను ఎన్ని మంగళవారాలు ఉపవాసం ఉన్నానో!

"ఆ మాట తోట పచ్చగున్నప్పుడు అడిగిన గద అన్నా" అన్నాను.

"ఇప్పుడిస్తనంటున్న గదనే!"

"ఇప్పుడు నాకక్కర లేదు."

"మరి ఏం గావాలె నీకు? నన్ను రోడ్డు మీద సూడాల్నా?"

నేను మెల్లగానే చెప్పాను. "నువ్వు రోడ్డు మీద పడొద్దన్నా. బిల్డింగులనే ఉండు. బాల్కనీల నిలబడి సూస్తుండు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ బావి గట్టు చుట్టూ తిప్పినవాడు. నాకు జాలి వచ్చింది. వచ్చినా నేను లేచి లోపలికి పోలేదు, కాగితం తేలేదు. అటు అన్న, ఇటు నువ్వు, లోపల స్నానం చేయించి పడుకోబెట్టిన పసిపిల్ల. ఎవరి కోసమూ నా మనసు మారలేదు. నీకు నేను చేసిన అన్యాయం ఇదే. క్షమించమని అడగను. ఎందుకంటే మళ్ళీ ఆ రోజు వచ్చినా ఇదే చేస్తాను.

మొన్న కమిటీ వాళ్ళు వచ్చి గొట్టంలో చూశారు. ఈ వానలకు బావి అడుగున నీళ్ళు చేరాయట. ఆ కుర్ర ఆఫీసరు చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. "అమ్మా, చూశారా, వదిలేస్తే నేల తనే నింపుకుంటుంది!" అన్నాడు. నాకు సంతోషం కలగలేదు. "ఈ సంగతి మా అన్నకు ఎవరన్నా చెప్పిండ్రా?" అని అడిగాను. ఆ అబ్బాయికి అర్థం కాలేదు.

సారు వాళ్ళ ప్రణాళిక పుస్తకం నాకూ ఒకటి పంపించారు. అందులో నా ఫోటో వేశారు. కింద "భావి తరాల కోసం తన బావిని అర్పించిన మహిళ" అని అచ్చేశారు. వచ్చే నెల సభ పెట్టి శాలువా కప్పుతారట. రెండు మాటలు మాట్లాడమన్నారు. "అంతా గంగమ్మ దయ" అని చెబుతాను. అది అబద్ధం కాదు కదా. గుడిలో ఇప్పుడు నన్ను చూసి ఆడవాళ్ళు లేచి నిలబడి చోటిస్తున్నారు. నర్సింహ కూడా నిన్న, "నువ్వు ఊరికోసం శాన జేసినవే" అన్నాడు. ఆయన నమ్మే అంటున్నాడు.

నలుగురూ ఇలా అంటూ పోతే ఇంకొన్నేళ్ళకు నేనూ నమ్మేస్తాను అక్కా. నా భయం అదే. నేను ఎందుకిచ్చానో నా చేతి రాతతో ఉన్నది నీ దగ్గరే. నా మీద కోపమొచ్చినా ఈ ఉత్తరాలు పొయ్యిలో వేయకు. పెట్టె అడుగున పెట్టుకో. సారుకు వద్దు, రవికిరణ్‌కు వద్దు, రేపు చదువు నేర్చి అడిగినా నీ మనవరాలికి కూడా వద్దు. నీళ్ళు రావాలి, వాళ్ళు తాగాలి. ఇవి మాత్రం దాచు, ఎవరికీ చూపించకు.

నీ
భాగ్యమ్మ